ఆ నీలం నాది కాదు

ఫిబ్రవరి 4, మంగళవారం

బాణసంచా రంగుల పుస్తకం వెనక పేజీల్లో రాస్తున్నాను. ముందు పేజీల్లో పాళ్ళున్నాయి. ఎరుపుకి ఏది ఎంత, పచ్చకి ఎంత, నా నీలానికి ఎంత. అటువైపు తిప్పబుద్ధి కావడం లేదు. నోరు తెరిస్తే తమ్ముడు వింటాడు, మూసుకుంటే నాకు పిచ్చెక్కేలా ఉంది. అందుకే ఈ కాగితం.

తమ్ముడు నికానోర్ కుడిచెయ్యి మొన్న శుక్రవారం మోచేతి కింద నుంచి వేళ్ళ కణుపులదాకా కాలింది. పైవైపే. అరచెయ్యి బాగానే ఉంది, దేవుడి దయ. ఆరోగ్య కేంద్రంలో నర్సు ప్రాక్సెదిస్ కడిగి, తెల్లటి మలాం రాసి కట్టు కట్టింది. "రోజు విడిచి రోజు తీసుకురా హెర్లిందా. ఇంట్లో విప్పకండి, తడపకండి" అని పదిసార్లు చెప్పింది. ఒక్కసారి చెబితే నాకు అర్థం కాదా?

మా ఊరి పునీతుడి పండుగ మార్చి ఎనిమిదిన. తొమ్మిది అంతస్తుల బాణసంచా కోట పెరట్లో సగం కట్టి పడి ఉంది. ఈ ఊళ్ళో తారాజువ్వ చుట్టలేనివాడు లేడు. కానీ రెల్లుకర్రలతో అంత ఎత్తు కోట కట్టి, నిప్పంటించాక చక్రాలన్నీ గిర్రున తిరుగుతున్నా ఒరగకుండా నిలబెట్టేవాడు మా వాడొక్కడే. అక్కనని అంటున్న మాట కాదు, మేమంటే గిట్టనివాళ్ళు కూడా ఒప్పుకుంటారు. ఆ ముడులన్నీ కుడిచేతివే.

ఇవాళ చిక్కుడు గింజలు ఎడమచేత్తో తింటూ సగం ఒళ్ళో పోసుకున్నాడు. "నేనే గొట్టంలో మందు గట్టిగా కూరానేమో అక్కా. అందుకే అంటుకుందేమో" అన్నాడు.

"అయ్యుండొచ్చు" అన్నాను.

ఆ శుక్రవారం సంగతి ఇక్కడ రాయను.

ఫిబ్రవరి 6

క్రిసాంతా అత్త తన మట్టికుండతో సహా దిగింది. నాన్నకి అక్క, డెబ్బై ఏడేళ్ళు, నడుం వంగినా నోరు వంగలేదు. కుండలో ఏవో ఆకులు వేసి కాచిన కషాయం, అందులో నానుతున్న బీరపీచు.

"ఆ నర్సు పూసే తెల్ల మలాం పుండుకి మూత పెట్టేస్తుందే. లోపలున్న మందుగుండు లోపలే ఉండిపోతే ఒళ్ళంతా విషం. రోజూ తడపాలి, లాగాలి, బయటికి రప్పించాలి."

"తడపొద్దంది అత్తా ఆవిడ."

"ఆవిడ వాళ్ళ నాన్న చెప్పులు కుట్టేవాడు. ఆవిడకేం తెలుసు కాలిన ఒళ్ళు సంగతి? మన ఇంట్లో నాలుగు తరాలు కాలాం. మీ తాతకి ఎవరు చేశారనుకున్నావు? మా అమ్మే."

తాత నాకు బాగా గుర్తు. కుడి చొక్కాచేతిని మడిచి సూదితో గుచ్చుకుని, మిగిలిన చేత్తోనే మమ్మల్ని ఎత్తుకునేవాడు. నిప్పులో చెయ్యి పోయినా మనిషి ఎనభై మూడేళ్ళు బతికాడు. అత్త మాటలో పస లేకపోలేదు.

కట్టు విప్పాము. నికానోర్ పళ్ళు బిగించి, "అత్తా, నన్ను కడుగుతున్నావా, గిన్నెలు తోముతున్నావా?" అన్నాడు. అందరం నవ్వాము. శుక్రవారం తరవాత ఈ ఇంట్లో నవ్వడం ఇదే మొదలు.

ఫిబ్రవరి 8

నీలం వచ్చింది!

పొద్దున కట్టు విప్పితే గుడ్డ మీద చీముతో పాటు నీలంగా, ఆకుపచ్చగా, పావలా అంత మరక. అత్త దాన్ని వెలుగులో పట్టుకుని, "చూశావుటే, రాగి దిగుతోంది! మీ తాతకీ ఇంతే. పదిహేను రోజులు కారింది ఇదే రంగు" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

అది నా రాగి. నీలం మందులో నేనే కలుపుతాను, ఇరవై రెండేళ్ళుగా. మంటతో పాటు వాడి చర్మంలోకి పోయింది, ఇప్పుడు బయటికొస్తోంది. నేను పెట్టింది నేనే తీస్తున్నాను. ఇక ఆ నర్సు దగ్గరికి తీసుకెళ్ళి మళ్ళీ మూత పెట్టించేది లేదు.

ఫిబ్రవరి 9

నిన్నటికన్నా ఎక్కువ నీలం. మంచిదే.

ఫిబ్రవరి 10

చాలా నీలం. అంచులు నల్లబడ్డాయి. మసి కాబోలు.

గుడ్డ విప్పినప్పుడు మొక్కజొన్న రొట్టె వాసన వస్తోంది. తడి పిండి పెనం మీద వేయగానే వచ్చే కమ్మటి వాసన. నా చేతులదే అనుకుని రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నాను. అయినా వస్తోంది. చీము వాసన కన్నా నయమే కదా.

ఫిబ్రవరి 11

జ్వరం కాదు. వేడి, అంతే. లోపలి మందు వేడి బయటికొస్తుంటే ఒళ్ళు వెచ్చబడదా మరి? అత్త కూడా అదే అంది.

జావ రెండు గుక్కలు తాగి వద్దన్నాడు. వేళ్ళు కదపమంటే, "రేపు కదుపుతాలే అక్కా" అన్నాడు. నిన్న కూడా రేపే అన్నాడు.

ఫిబ్రవరి 12

నర్సు ప్రాక్సెదిస్ ఇంటికొచ్చింది. అత్త గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకు కూర్చుని, "పడుకున్నాడమ్మా, లేపకు" అంది. ఆవిడ వెనక్కి తిరగబోతూ ఆగి, కుక్కపిల్లలా గాలి పీల్చింది.

"రొట్టెలు కాలుస్తున్నారా?"

"లేదే. పొయ్యి ఇంకా వెలిగించలేదు" అన్నాను, బుద్ధిలేక.

ఆవిడ ముఖం మారిపోయింది. "చీము ఏ రంగులో ఉంది హెర్లిందా? నిజం చెప్పు."

"నీలంగా. అది రాగి. దిగుతోంది."

"రాగా? పదిహేడేళ్ళుగా ఈ ఊళ్ళో కాలినవాళ్ళకి కట్లు కడుతున్నాను. రాగికి రొట్టె వాసన ఉంటుందా? నువ్వు రోజూ రాగితోనే పనిచేస్తావు కదా, నువ్వే చెప్పు."

నాకు ఒళ్ళు మండింది. రంగుల గురించి నాకు చెబుతుందా ఈవిడ? "మా సంగతి మేం చూసుకుంటాంలే" అన్నాను. రేపు తీసుకురాకపోతే డాక్టరమ్మని వెంటబెట్టుకొస్తానని బెదిరించి పోయింది.

రాగికి వాసన లేదు. చేతికి అంటుకుంటే కొంచెం చిల్లర నాణెం వాసన. అంతే.

చీముతో కలిస్తే వేరే వాసన వస్తుందేమో.

ఫిబ్రవరి 13, గురువారం

ఇవాళ్టిది వరసగా రాయాలి.

పొద్దున అత్త ఇంకా లేవకముందే, నిన్నటి కట్టులోంచి బాగా నీలంగా ఉన్న పీలిక కత్తిరించాను. మందుగుండు కొట్టానికి దూరంగా, వంటింటి పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళాను. రంగు కొత్తది ఏది వచ్చినా మేం చేసే పని ఇదే. నాన్న నేర్పాడు. అమ్మేవాడు ఏ పేరైనా చెప్పనీ, సంచి మీద ఏదైనా రాసి ఉండనీ, చిటికెడు మంటలో వేసి చూడు. రాగి ఆవగింజంత ఉన్నా మంట ఆకుపచ్చగా లేస్తుంది. ఈ పని నాకు మొదటి రోజే తట్టాలి. తట్టలేదు. తట్టనివ్వలేదు.

పట్టకారుతో పట్టుకుని వెలిగించాను. పసుపు మంట. మామూలు గుడ్డ మంట.

తడిగా ఉందేమో అనుకున్నాను. ఇంకో పీలికని పెనం పక్కన పెట్టి ఫెళఫెళలాడేలా ఆరబెట్టి వెలిగించాను. పసుపే.

అప్పుడు శుభ్రమైన గుడ్డకి మా రాగి ఉప్పు కాసింత, గోటితో గీరినంత, అద్ది వెలిగించాను. భగ్గున ఆకుపచ్చ, అంచున నీలం. ఎంత అందంగా వచ్చిందంటే, అక్కడే కూలబడి ఏడ్చాను.

అందులో రాగి లేదు. ఆ నీలం నాది కాదు. మరి వాడి చేతిలో ఆ రంగు ఎవరు చేస్తున్నారు?

అత్త లేచి వచ్చింది. మాడిన గుడ్డముక్కలు చూసింది. నేను అడిగిన మొదటి మాట ఇది: "అత్తా, తాత చెయ్యి ఎప్పుడు పోయింది?"

"అదేం ప్రశ్నే పొద్దున్నే? నిప్పులో."

"కాలిన రోజునే?"

"ఆఁ."

"మరి పదిహేను రోజులు నీలం కారిందన్నావు. చెయ్యే లేకపోతే ఎక్కడి నుంచి కారింది?"

 అత్త శాలువా కొంగు ముఖం మీదికి లాక్కుంది. ఇంత నోరున్న మనిషి అలా చెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. "అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు" అంది. "నీలమంతా వచ్చేసిందని మా అమ్మ సంబరపడింది. ఇరుగుపొరుగుకి జావ పోసింది. మర్నాడు నాన్నకి తెలివి తప్పింది. బండి కట్టి తీసుకెళ్ళి కోయించుకొచ్చారు. పదహారో రోజు. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తకూడదంది అమ్మ. నిప్పులో పోయిందనే చెప్పుకున్నాం. చెప్పుకుని చెప్పుకుని నాకూ అదే నిజమైపోయిందే తల్లీ."

వేళ్ళమీద లెక్కపెట్టాను. ఇవాళ పధ్నాలుగో రోజు.

నికానోర్‌ని లేపి చొక్కా తొడిగాను. ఒళ్ళు పెనంలా కాలుతోంది. "ఎక్కడికక్కా?" అన్నాడు. "నోర్మూసుకుని నడు" అన్నాను. అత్త కుండ నెత్తిన పెట్టుకుని మా వెనకే వచ్చింది. ఎందుకని అడిగితే, "అడుగుతారు కదే, దేంతో కడిగారని" అంది.

ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ యదీరా ఉంది. చదువు చివరి ఏడాది సేవకని రాజధాని నుంచి వచ్చిన పిల్ల. కళ్ళజోడు తీస్తే బడిపిల్లలా ఉంటుంది. కట్టు విప్పగానే నర్సు ప్రాక్సెదిస్ నా వంక చూసిన చూపు చచ్చేదాకా మర్చిపోను. "చెప్పానా లేదా? నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పానా లేదా?" అంది. నేను తల దించుకున్నాను. డాక్టరమ్మ మాత్రం తిట్టలేదు. దూదిపుల్లతో చీము తీసి గాజు గొట్టంలో పెట్టింది. ఇంకో పుల్ల అత్త కుండలో ముంచింది.

"మంటలో వేసి చూశాను డాక్టరమ్మా. రాగి కాదు" అన్నాను.

ఆ పిల్ల తల ఎత్తి నన్ను చూసింది. "మీరే కనిపెట్టారా?" అని, చెయ్యి చూస్తూనే చెప్పుకుపోయింది. "ఇది సూక్ష్మజీవి పనమ్మా. చీములో తెల్లగా, పసుపుగా వచ్చేది చాలాసార్లు వేరే జాతి. ఇలా నీలం, ఆకుపచ్చ కలిసి, ఈ వాసన వేస్తుంటే నా అనుమానం సూడోమోనాస్ అని. నీళ్ళలో బతుకుతుంది. కుండలో, పీచులో, పూలకూజాలో, ఎక్కడ చెమ్మ నిలవుంటే అక్కడ. ఈ రంగు అదే తయారుచేసుకుంటుంది."

"ఎందుకు?"

"పక్కనున్న వేరే సూక్ష్మజీవుల్ని చంపి చోటు కాజేయడానికి."

"చెయ్యి?" అన్నాను. 

"ఇవాళే నగరంలో పెద్దాసుపత్రికి వెళ్ళాలి. ఎముకదాకా పోలేదనే అనుకుంటున్నాను. మాట ఇవ్వలేను. కానీ ఎల్లుండి తెచ్చుంటే ఈ మాట కూడా అనలేకపోయేదాన్ని."

నర్సు తిడుతూనే తన పర్సులోంచి దువ్వెన తీసి నా జుట్టు దువ్వింది. పెద్దాసుపత్రికి పిచ్చిదానిలా వెళ్ళకూడదట.

ఫిబ్రవరి 15, పెద్దాసుపత్రి

రోజుకి నాలుగు ఇంజెక్షన్లు. వెనిగర్ నీళ్ళలో ముంచిన గుడ్డలు రోజుకి రెండుసార్లు చేతికి చుడుతున్నారు. ఆ సూక్ష్మజీవికి పులుపు పడదట. తరవాత వెండి కలిసిన మలాం.

"వెనిగర్ అయింది, ఇక ఉల్లిపాయ, మిరపకాయే తక్కువ. నన్ను ఊరగాయ పెడుతున్నారక్కా" అన్నాడు. నవ్వబోయి వాంతి చేసుకున్నాడు.

ఫిబ్రవరి 17

పరీక్షలగది పెద్దాయన దోన్ ఎలీహియో నన్ను పిలిచాడు. "బాణసంచా రంగులు కలిపే ఆవిడ నువ్వేనటగా? రా, నా రంగులు చూద్దువుగాని." మనిషి కొంచెం తిక్కలా ఉన్నాడు గానీ మంచివాడు.

బల్ల మీద మూతలున్న గాజు పళ్ళేలు. ఒకదాంట్లో బంగారు రంగు చుక్కలు. పసుపు చీము చాలాసార్లు దీని పనే అన్నాడు. ఇంకోదాంట్లో ఎరుపు. ఎంత చిక్కటి ఎరుపంటే, ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా నాకు అలాంటిది రాలేదు. సూక్ష్మజీవిని చూసి కుళ్ళుకున్నదాన్ని లోకంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. మూడోది మా వాడిది. పళ్ళెం మొత్తం ఆకుపచ్చ. దాని పక్కనే అత్త కుండలోది. అదీ అదే ఆకుపచ్చ.

రంగులు చేసేది మనుషులే అనుకున్నాను ఇన్నాళ్ళూ. కంటికి ఆననిది, గిన్నె లేకుండా, పాళ్ళు లేకుండా, నా తమ్ముడి చేతినే గిన్నె చేసుకుని ఇంత రంగు చేసింది. అసహ్యం వేసింది. కళ్ళు మాత్రం తిప్పుకోలేకపోయాను.

"అసలైంది ఇది" అని ఇంకో పళ్ళెం చూపించాడు. ఆకుపచ్చ పొర మీద అక్కడక్కడ కాగితపు బిళ్ళలు. ఒక్కొక్క బిళ్ళలో ఒక్కొక్క మందు. చాలా బిళ్ళల అంచుదాకా ఆకుపచ్చ పాకింది, వాటిని లెక్కే చేయలేదు. రెండు బిళ్ళల చుట్టూ మాత్రం గుండ్రంగా ఖాళీ.

"ఆ ఖాళీలో అది బతకలేదు. అంటే ఈ రెండిట్లో ఏదైనా నీ తమ్ముడికి పనిచేస్తుంది. ఇవాళ్టి నుంచి అదే ఇస్తారు."

ఆ ముసలాయన చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నాను. "మూత ముట్టుకున్న చేతులమ్మా, ముఖం కడుక్కో ముందు!" అని కేకలేశాడు.

ఫిబ్రవరి 19

చచ్చిన చర్మమంతా గీకేశారు. చెయ్యి ఉంది. వేళ్ళు అయిదూ ఉన్నాయి. పనిచేస్తాయో లేదో ఎవరూ చెప్పడం లేదు. తొడ మీది చర్మం తీసి చేతికి అతుకుతారట, చీము పూర్తిగా ఆగితే.

జ్వరం లేదు. నిజంగానే లేదు. నర్సు కాగితం మీద చూసి రాస్తున్నాను.

ఫిబ్రవరి 20

శుక్రవారం సంగతి రాస్తున్నాను.

మా ఇంట్లో జల్లెడలు రెండు. ఎర్రదారం కట్టింది ఒక మందుకి, నీలం దారం కట్టింది నీలానికి. ఒకదాంట్లోది ఇంకోదాంట్లో పడకూడదు, కలిస్తే అంటుకుంటాయి. ఇది మా నాన్న మాకు నడక కన్నా ముందు నేర్పిన సంగతి. ఆ రోజు నీలం జల్లెడ వలలో చిరుగు కనిపించింది. కుట్టడానికి బద్ధకించాను. ఎర్రదారం జల్లెడనే నాలుగు తట్లు తట్టి, దులిపేశాననుకుని, నీలం మందు జల్లించాను. గిన్నె వాడి చేతికిచ్చి లోపలికొచ్చాను. వాడు మొదటి గొట్టంలో పోశాడో లేదో భగ్గుమంది.

ఎర్రదారం జల్లెడ కొట్టం వెనక పాతిపెట్టాను. అందరికీ ఎండ వేడి అని చెప్పాను. వాడు తనే గట్టిగా కూరానేమో అంటే, అయ్యుండొచ్చు అన్నాను.

ఇవాళ వాడికి చెప్పాను. పొద్దున పాలు తాగించి, మూతి తుడిచి, చెప్పాను. మంచం పక్కన నిలబడే మొత్తం చెప్పాను, కూర్చోలేదు.

వాడు అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "నేను రోజూ అదే అనుకుంటూ పడుకున్నానక్కా. నా చెయ్యి నేనే కాల్చుకున్నానని. నువ్వు పక్కనే కూర్చుని విన్నావు" అన్నాడు. తరవాత గోడవైపు తిరిగి, "వెళ్ళు" అన్నాడు.

ఫిబ్రవరి 22

మాట్లాడడం లేదు.

ఫిబ్రవరి 23

నర్సులతో మాట్లాడుతున్నాడు. పక్క మంచం ఆయనతో చీట్లాడుతున్నాడు. నన్ను చూస్తే కళ్ళు మూసుకుంటున్నాడు. నిన్న అత్త వచ్చినప్పుడు, "జావలో ఉప్పు లేదని ఆవిడకి చెప్పత్తా" అన్నాడు. ఆవిడ! నేను ఒకటిన్నర మీటరు దూరంలో ఉన్నాను.

అత్త నాకేసి తిరిగి, "జావలో ఉప్పు లేదట" అంది.

"ఇందులో బెల్లం వేశారని ఆయనకి చెప్పు" అన్నాను.

అత్త మా ఇద్దరినీ చూసి, "నాకు డెబ్బై ఏడేళ్ళు. మీ ఇద్దరి మధ్యా టపాలు మొయ్యలేను" అని లేచిపోయింది.

ఫిబ్రవరి 25

కట్టు మీద ఆకుపచ్చ లేదు. మూడో రోజు ఇది. ఇవాళ నేనే అడిగి మరీ వాసన చూశాను. వెనిగర్ వాసన, కొంచెం చెమట వాసన. రొట్టె లేదు. నర్సు నవ్వింది నన్ను చూసి. నవ్వనీ.

ఫిబ్రవరి 27

చర్మం అతికారు. వాడికి మత్తు వదిలేటప్పుడు నేనే పక్కన ఉన్నాను. కళ్ళు పూర్తిగా తెరవకుండా, "అక్కా, కోట వాన్లో తడుస్తోందేమో" అన్నాడు. గోనె కప్పించానని చెప్పాను. తెలివొచ్చాక మళ్ళీ మౌనం. అయినా అక్కా అన్నాడు. మత్తులో అన్నా సరే, అన్నాడు.

మార్చి 3

అతికిన చర్మం పట్టుకుంది. గులాబీ రంగు. డాక్టరు కట్టు విప్పగానే ముందు గుడ్డనే లాక్కుని చూశాను. తెల్లగా ఉంది. తెలుపు కూడా రంగేనని ఎవరైనా అంటే ఇంతకుముందు నవ్వేదాన్ని.

మార్చి 6

ఇంటికి తీసుకొచ్చాం. చేతికి బద్ద కట్టి ఉంది. గుమ్మంలో కుండ లేదు. అత్త దాన్ని వేడినీళ్ళతో కడిగి, ఎండలో మూడు రోజులు బోర్లించి, ఇప్పుడందులో మొక్కజొన్న గింజలు పోసుకుంటోందట. బీరపీచు పొయ్యిలో వేసేసింది. "ఏ రంగు మంట వచ్చింది అత్తా?" అని అడిగాను. "పోవే" అంది.

వీధిలో రెండిళ్ళ అవతల ఒకావిడకి కాలు కాలిందట. అత్త తనంతట తనే వెళ్ళి, ఆవిడ కడుగుతున్న తొట్టి నీళ్ళు పారబోయించి, ప్రాక్సెదిస్ దగ్గరికి లాక్కెళ్ళిందట. నర్సే చెప్పింది, ఆశ్చర్యపోతూ.

మార్చి 8, పండుగ

కోట వాడవాళ్ళు ముగించారు. అయిదు అంతస్తులే. నీలం లేదు, నేను కలపలేదు. అందరూ అడిగారు. జల్లెడ చిరిగిందని చెప్పాను. కొట్టం వెనక తవ్వి తీసిన రెండో జల్లెడ సంగతి కూడా చెప్పాను. నలుగురిలో, పునీతుడి గుడి ముందర. కొంతమంది పక్కకి జరిగారు. ఒక ముసలాయన మాత్రం, నలభై ఏళ్ళ కిందట తను చేసిన పొరపాటొకటి అప్పటికప్పుడు చెప్పుకున్నాడు.

మా ఇంటి మేడ మీద నుంచి చూశాం, నేనూ నికానోర్, మధ్యలో అత్త. మూడో చక్రం తిరిగేసరికి కోట ఎడమకి వంగింది.

"ఒరిగింది" అన్నాడు వాడు, ఎవరితోనూ కాకుండా.

"ఒరిగింది" అన్నాను నేను.

"ముడి వదులు."

"చాలా వదులు."

పదిహేడు రోజుల తరవాత మా ఇద్దరి మధ్యా నడిచిన మాటలు ఇవే.

మార్చి 14

వేళ్ళు మడతపడడం లేదు. నర్సు రోజూ గోరువెచ్చటి నూనె రాసి వంచుతోంది. వాడు దుప్పటి కొరుక్కుంటున్నాడు. ఎముకలూ నరాలూ బాగానే ఉన్నాయి, చర్మమే బిగుసుకుంది, పనిచేయించాలి అంది డాక్టరమ్మ. మాట ఇవ్వలేనని మళ్ళీ అంది. ఆ పిల్లకి మాట ఇవ్వడం ఎవరూ నేర్పలేదు కాబోలు.

మార్చి 19

చూపుడువేలు, మధ్యవేలు సగందాకా.

మార్చి 22

చెంచా పట్టుకున్నాడు. జారిపోయింది. మళ్ళీ పట్టుకున్నాడు. నేను తీసివ్వబోతే, ఎడమచేత్తో నా చెయ్యి నెట్టేశాడు.

మార్చి 27, శుక్రవారం

ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాం. నర్సు ప్రాక్సెదిస్ రబ్బరుబంతి తెచ్చి, "గట్టిగా పట్టుకో చూద్దాం. ఎంత బలమొచ్చిందో తెలియాలి" అంది.

"బంతి వద్దు" అన్నాడు. బంతి బల్ల మీద పెట్టేశాడు. నా వంక చూశాడు, ఇన్నాళ్ళలో మొదటిసారి తిన్నగా. "అక్కా, చెయ్యి ఇలా తే."

ఇచ్చాను. నా రెండు వేళ్ళు ఆ గులాబీరంగు చేతిలోకి తీసుకుని బిగించాడు. మొదట మెత్తగానే ఉంది. తరవాత వాడి ముఖం ఎర్రబడింది, దవడ బిగిసింది.

"నొప్పిగా ఉందా?"

"ఉంది."

ఇంకా బిగించాడు. "ఇప్పుడు?"

"ప్రాణం పోతోందిరా."

"వదలనా?"

"వద్దు."

వాడి కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, నా కళ్ళలోంచి కూడా. నర్సు, "చాలు నికానోర్, కొత్త చర్మం" అంటూనే ఉంది. వాడు వినలేదు. నేను వెనక్కి లాక్కోలేదు. ఎంతసేపో తెలియదు. చివరికి, "అబ్బ, అలిసిపోయాను" అని వదిలాడు. "ఆకలేస్తోందక్కా. ఇంటికెళ్దాం పద."

రెండు వేళ్ళూ కమిలి వాచిపోయాయి. కలం పట్టుకోవడం కష్టంగా ఉంది. అక్షరాలు వంకరపోతున్నాయి. పోనీ.